జీడబ్ల్యూ150914 డేటాలో చిర్ప్ కనబడకపోతే

జీడబ్ల్యూ150914 అంటే లైగో డిటెక్టర్లు తొలిసారి పట్టిన గురుత్వ తరంగాల సిగ్నల్; చిర్ప్ అంటే అందులో ఫ్రీక్వెన్సీ గబగబా పెరిగే ఊపు. ఆ డేటా గీస్తే చిర్ప్ కనబడట్లేదు, ఫైల్ పాడైందా అని అడిగారు కదా, మీ ఫైల్ బాగానే ఉంది. మెల్లగా ఊగే గీత తప్ప చిర్ప్ రాలేదంటే, వైటెనింగ్ (అన్ని ఫ్రీక్వెన్సీల్లో నాయిజ్‌ను సమం చేయడం) చేయకుండా ముడి డేటానే గీసినట్టు. సిగ్నల్ (పొడవులో వచ్చే మార్పు నిష్పత్తి) 10⁻²¹ స్థాయిది. తక్కువ ఫ్రీక్వెన్సీ నాయిజ్ దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, అదే మీకు కనబడుతోంది.

1. సిగ్నల్ వచ్చిన జీపీఎస్ సమయం 1126259462.4 చుట్టూ 32 సెకన్ల డేటా మొత్తం తీసుకోండి.

2. 4 సెకన్ల ముక్కలతో నాయిజ్ పవర్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత నాయిజ్ ఉందో చూపేది) లెక్కగట్టండి.

3. డేటాకు ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేసి (అంటే ఫ్రీక్వెన్సీల్లోకి మార్చి), ఆ స్పెక్ట్రమ్ వర్గమూలంతో భాగించి, తిరిగి కాలంలోకి మార్చండి. ఇదే వైటెనింగ్. చాలామంది తప్పేది ఇక్కడే: ముందే చిన్న ముక్క కత్తిరించేస్తారు. అప్పుడు స్పెక్ట్రమ్ సరిగ్గా రాదు, కరెంటు లైన్ల 60 హెర్ట్జ్ గీత కూడా పోదు. పైగా అంచుల దగ్గర చెత్త వస్తుంది. కత్తిరించడం ఎప్పుడూ చివర్లోనే.

4. 35–350 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ (ఆ మధ్య ఫ్రీక్వెన్సీలనే ఉంచే ఫిల్టర్) వేయండి.

5. ఇప్పుడు 0.2 సెకన్లకు జూమ్ చేయండి.

హాన్‌ఫర్డ్ డిటెక్టర్ డేటాలో కనబడ్డాక రెండో డిటెక్టర్ లివింగ్‌స్టన్‌ది కూడా గీయండి. దాన్ని సుమారు 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా జరిపి, గుర్తు (ప్లస్‌ను మైనస్‌గా, మైనస్‌ను ప్లస్‌గా) తిరగేయాలి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవడం మీ కళ్లతో చూడాల్సిందే!