పేరు ఐ5 అయితే చాలదు, ర్యామ్ ఎలా ఉందో చూడు

ప్రశ్న: అన్నా, నేను ఈ ఏడాదే ఇంజనీరింగ్‌లో చేరాను. కోడింగ్, అసైన్‌మెంట్లు, పీపీటీలు, రాత్రి ఫ్రెండ్స్‌తో వాలొరెంట్, అప్పుడప్పుడు జీటీఏ 5, అంతకు మించి ఏమీ ఆడను. నాన్న ఒకటే మాట అన్నారు, నాలుగేళ్లూ ఇదే లాప్‌టాప్, మధ్యలో ఇంకోటి అడగొద్దని. బడ్జెట్ కూడా పెద్దది కాదు. ఫ్రెండేమో గేమింగ్ లాప్‌టాప్ తీసుకోకపోతే తర్వాత బాధపడతావ్ అంటున్నాడు, షాపతనేమో 'ఐ5 ఉంది కదా, అన్నీ నడుస్తాయి' అంటున్నాడు. పది రోజులుగా వీడియోలు చూసి చూసి టెన్షన్ పెరిగిందే తప్ప ఏదీ తేలలేదు. ఏం చూసి కొనాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండు ఆటలకీ విడిగా గ్రాఫిక్స్ కార్డ్ (తెర మీద బొమ్మలు గీయడానికే ఉండే చిప్) అక్కర్లేదు. వాలొరెంట్‌ని మామూలు మెషీన్లలో కూడా ఆడుకునేలా తయారుచేశారు. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో, దాని పాత లెగసీ ఎడిషన్‌ని సెట్టింగ్స్ తగ్గించుకుని ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో ఆడుకోవచ్చు. కాబట్టి 'గేమింగ్' అని రాసి ఉన్నదానికోసం నాన్నని ఇబ్బంది పెట్టకు. కాకపోతే ఆ లోపలి గ్రాఫిక్స్‌లో కూడా చాలా తేడాలుంటాయి, అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను.

షాపతను ఐ5 అన్నాడు చూడు, అది ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక వరస పేరు, ఆ ఒక్క మాటతో ఏమీ తెలియదు. ఐ5-1235యూ, ఐ5-12450హెచ్ రెండూ ఐ5లే. మొదటిదాంట్లో పెద్ద కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) 2, చిన్నవి 8. రెండోదాంట్లో పెద్దవి 4, చిన్నవి 4, బరువైన పని ఇదే బాగా లాగుతుంది కానీ బ్యాటరీ కూడా ఎక్కువ తాగుతుంది. సరే, హెచ్ కొనేద్దాం అనుకుంటావేమో, ఆగు. విడిగా కార్డ్ లేనప్పుడు గ్రాఫిక్స్ దగ్గర లెక్క తిరగబడుతుంది, 1235యూలో గ్రాఫిక్స్ యూనిట్లు 80 ఉంటే 12450హెచ్‌లో 48 మాత్రమే. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు రైజెన్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 7520యూ, 7535హెచ్‌ఎస్ రెండింటి మీదా రైజెన్ 5 స్టిక్కరే ఉంటుంది, కానీ 7520యూలో ఉన్నది పాత జెన్ 2 డిజైన్, గ్రాఫిక్స్ కోర్లు రెండే, 7535హెచ్‌ఎస్‌లో జెన్ 3 ప్లస్, గ్రాఫిక్స్ కోర్లు 6. ఆ 7000 సిరీస్‌లో మూడో అంకె చూస్తే ఎంత పాతదో తెలిసిపోతుంది, 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4. నీ అవసరానికి నేనైతే 7535హెచ్‌ఎస్ లాంటిదే వెతుకుతాను.

ఇక ర్యామ్. ఎవరు అడిగినా నేను ఎక్కువగా మొత్తుకునేది దీని గురించే. మా పిన్ని కొడుకు ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ (ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో మెరుగైనది) ఉందని చూసుకుని మరీ ఒక లాప్‌టాప్ కొన్నాడు, తీరా వాలొరెంట్‌లో ఎవరైనా స్మోక్ (పొగ) వేస్తే చాలు, బొమ్మ ఆగి ఆగి కదిలేది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే జీపీయూ (గ్రాఫిక్స్) దగ్గర ఐరిస్ పేరే లేదు, యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని ఉంది, మెమరీ నొక్కితే కింద 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని కనిపించింది. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒక్క ర్యామ్ స్టిక్కే ఉంటే డేటా వచ్చే దారి సగానికి తగ్గిపోతుంది. అందుకే ఆ ప్రాసెసర్లలో ర్యామ్ డ్యూయల్ ఛానెల్‌లో, అంటే డేటా రెండు దారుల్లో వచ్చేలా ఉంటే తప్ప ఐరిస్ ఎక్స్‌ఈ అని చూపించదు. అలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ తెచ్చి ఖాళీ స్లాట్‌లో వేశాం. మళ్లీ ఆన్ చేసి చూస్తే అక్కడ పేరు ఐరిస్ ఎక్స్‌ఈ అని మారిపోయింది, ఆ రాత్రి వాడు ఆట మధ్యలో ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కాబట్టి 8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ఉన్నది దొరికితే తీసుకో. డబ్బులు సరిపోకపోతే 8 జీబీతో కొను, కానీ ఒక స్లాట్ ఖాళీగా ఉండాలి. స్పెసిఫికేషన్లో 'ఆన్‌బోర్డ్', 'సోల్డర్డ్' అని గానీ ఎల్‌పీడీడీఆర్ (ఒక రకం ర్యామ్) అని గానీ ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేవు. అలాంటిదాన్ని 16 జీబీతో అయితేనే తీసుకో, 8 జీబీతో నాలుగేళ్లు లాగడం కష్టం.

గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నది బడ్జెట్‌లోకే వస్తే వద్దనను, కానీ వాట్లు అడుగు. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 3050 లాప్‌టాప్ కార్డ్‌నే చూడు, 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా రకరకాలుగా అమర్చుతారు, పేరు అదే, ఆటలో మాత్రం చాలా తేడా ఉంటుంది. పైగా ఆ లాప్‌టాప్‌లు సాధారణంగా 2 కిలోలు దాటతాయి, ఛార్జర్ కూడా బరువే, రోజూ మోయాల్సింది నువ్వే. ఛార్జర్ పెట్టకుండా ఆడితే ఆ కార్డ్ పూర్తి వేగంతో పనిచేయదు.

స్క్రీన్ ఐపీఎస్ రకం, వెలుగు 300 నిట్స్ ఉండేలా చూసుకో. 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగులు ఎన్ని చూపించగలదో చెప్పే కొలత) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే కోడ్ కంటే నీ ముఖమే ఎక్కువ కనిపిస్తుంది. ఫైళ్లు, ఆటలు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉండాలి, విండోస్‌లో అది 476గా కనిపిస్తుంది, కంగారు పడకు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. జీటీఏ ఒక్కటే 100 జీబీ పైన తింటుంది కాబట్టి 256తో సరిపెట్టుకోవద్దు. మ్యాక్ జోలికి మాత్రం వెళ్లకు, వాలొరెంట్ అందులో రాదు.

ప్రశ్న: అన్నా, కొత్తది కొనే స్తోమత లేదు. సీనియర్ వాడిన లాప్‌టాప్ ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. ప్రాసెసర్ ఏ తరానిదో మాత్రం ముందు చూడు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్స్ రెండూ ఆన్‌లో ఉండాలి, అది డబ్బులిచ్చే ముందే అతని ఎదుటే ఆన్ చేయించి చూడు. విండోస్‌లోనే వచ్చే బ్యాటరీ రిపోర్ట్ తీయమను, అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి దిగిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు నీ మీదే పడుతుంది, ఆ మేరకు రేటు తగ్గించమని అడుగు. ఓ అరగంట ఆట నడిపి, ఫ్యాన్ చప్పుడు విని, అన్ని కీలూ ఒక్కోటి నొక్కి చూసి తెచ్చుకో.