బీపీ లేచిందని సంబరపడకు

అమ్మాయీ,

వచ్చే వారం నుంచి క్యాజువాల్టీలో డ్యూటీ అన్నావు. ప్రోటోకాల్ నాకంటే నీకే బాగా వచ్చు. లోపల రక్తం కారుతున్న మనిషి గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్నది ఒక్కటి మాత్రం రాస్తాను.

నా తొలి రోజుల్లో, బండి మీంచి పడ్డ కుర్రాణ్ణి తెచ్చారు. బీపీ 110. పైకి పెద్ద దెబ్బేం లేదు. ‘డాక్టర్‌గారూ, కాసిని నీళ్లు’ అని ఊరికే అడుగుతున్నాడు. చెయ్యి చల్లగా, చెమటతో జిగటగా ఉంది. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. ఇవన్నీ చూసి కూడా, 110 ఉంది కదా అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

వయసులో ఉన్న ఒళ్లు గట్టిగా బుకాయిస్తుంది. రక్తం పోతుంటే చర్మానికీ పేగులకీ కిడ్నీలకీ వెళ్లే నాళాలు బిగుసుకుని, ఉన్న రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తాయి. 30 శాతం దాకా పోయినా పై బీపీ నిలబడొచ్చు. ముందుగా పెరిగేది పల్స్; పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా కూడా తగ్గుతుంది. (గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వేసుకునే పెద్దవాళ్లలో ఆ పల్స్ కూడా పెరగకపోవచ్చు. మందుల చీటీ అడుగు.)

కాసేపటికి కుర్రాడి బీపీ పడిపోయింది. రెండు లీటర్ల సెలైన్ ఎక్కించాం, లేచింది. ఊపిరి పీల్చుకున్నాం. ఇరవై నిమిషాల్లో మళ్లీ జారింది. లేచిన ఒత్తిడికి, గాయం దగ్గర అప్పుడే కడుతున్న రక్తపు గడ్డ ఊడిపోతుంది. గడ్డకట్టించే పదార్థాలు సెలైన్‌లో పలచబడతాయి. చల్లటి సీసా ఒంటిని చల్లబరుస్తుంది, అందులోని క్లోరైడ్ రక్తంలో ఆమ్లాన్ని పెంచుతుంది. ఆ చలికీ ఆమ్లానికీ మిగిలిన పదార్థాలు కూడా సరిగా పనిచేయవు. ఆపరేషన్ థియేటర్‌కి చేరేసరికి సూది గుచ్చిన చోటల్లా రక్తం కారుతోంది. బతికాడు. ఆ పుణ్యం సర్జన్‌ది.

కాబట్టి, లేచి మళ్లీ పడిందంటే లోపల ఇంకా కారుతోందని. మూడో లీటరు వేలాడదీయకు, సర్జన్‌ని పిలు. రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమపాళ్లలో తెప్పించు. రక్తం గడ్డకట్టకుండా సంచుల్లో కలిపే సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని లాగేసుకుంటుంది, కాల్షియం ఇవ్వడం మర్చిపోకు. కట్టిన గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము, దెబ్బ తగిలిన మూడు గంటల లోపే. ఆ తర్వాత ఇస్తే కీడే ఎక్కువ. రక్తస్రావం ఆగేదాకా పై బీపీ 80–90 ఉంటే చాలు. తలకు దెబ్బ తగిలితే మాత్రం ఈ లెక్క పనికిరాదు, 110 దాకా నిలబెట్టాల్సిందే.

రక్తస్రావం ఆగాక కూడా కాపలా ఉండు. బిగుసుకున్న నాళాలు తెరుచుకోగానే అక్కడ పేరుకున్న ఆమ్లం, పొటాషియం ఒక్కసారిగా గుండెకి చేరతాయి. లాక్టేట్ (కణాలకి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) దిగుతోందా, గంటకి కిలో బరువుకి అర మిల్లీలీటరైనా మూత్రం వస్తోందా చూడు. బీపీ కంటే వాటినే నమ్ముతాను నేను.

మొదటి రోజే, ఎక్కించే రక్తాన్ని వెచ్చబరిచే బ్లడ్ వార్మర్ ఎక్కడుందో చూసిపెట్టుకో. మా రోజుల్లో అది బీరువాలో ఉండేది, తాళంచెవి పగటి డ్యూటీ సిస్టర్ దగ్గర.