తిరిగొచ్చిన మెయిళ్లను మళ్లీ పంపవచ్చా?

ప్రశ్న: మేము గద్వాలలో చీరలు అమ్ముతాము. బిల్లు పుస్తకంలోని చిరునామాలన్నీ ఎక్కించి దసరాకు ముందు ఒకేసారి మెయిల్ పంపితే చాలా తిరిగొచ్చాయి. వాటికే మళ్లీ పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: దయచేసి అన్నింటికీ మళ్లీ పంపకండి. తిరిగొచ్చిన మెయిల్‌లో ఉండే మూడంకెల సంఖ్యను ముందు చూడండి. అది 4తో మొదలైతే పెట్టె నిండిపోవడం, సర్వర్ రద్దీ వంటి తాత్కాలిక ఇబ్బంది అన్నమాట. సాధారణంగా మెయిల్ సర్వరే నాలుగైదు రోజుల వరకు తిరిగి ప్రయత్నిస్తుంది కాబట్టి మీరు చేయవలసిందేమీ లేదు. ‘550 5.1.1’ అని ఉంటే ఆ చిరునామాయే లేదని అర్థం. అలాంటివాటిని బిల్లు పుస్తకంతో ఒకసారి సరిచూడండి. చేతిరాతలో ‘ఎన్’ను ‘యు’గా చదివి ఎక్కించి ఉండవచ్చు, ‘జీమెయిల్’లో అక్షరాలు తారుమారై ఉండవచ్చు. తప్పు దొరకకపోతే ఆ రోజే జాబితాలోంచి తీసేయండి. లేని చిరునామాలకు పదేపదే పంపేవారిపై మెయిల్ సంస్థలకు నమ్మకం తగ్గి, చీరలు కొనాలనుకునేవారికి పంపిన మెయిళ్లు కూడా స్పామ్‌లో పడతాయి. నా దృష్టిలో అసలు నష్టం అదే.

మూడంకెల సంఖ్య పక్కన ఉండే సంఖ్య ‘5.7’తో మొదలైతే మాత్రం లోపం చాలావరకు చిరునామాది కాదు, పంపే పద్ధతిది. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవారందరికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకేఐఎం (మెయిల్ నిజంగా ఆ పంపినవారి నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు) ఉండాలంటోంది. మీ డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) చూసేవారిని ముందుగా వాటి గురించే అడగండి.