‘ఇంట్లో ఉన్నావు గానీ మాతో లేవే’ అంది అమ్మ

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో నేను, మావారు ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. రాత్రి పదిన్నర దాకా అమెరికా టీంతో కాల్స్ ఉంటాయి. మాకు ఎనిమిదేళ్ల పాప. మే నెలలో అమ్మానాన్నలు కోనసీమ నుంచి వచ్చి పది రోజులు ఉన్నారు. నాన్న ముంజలు ఒలిచి పెడుతుంటే నేను ఫోన్ చూస్తూ తిన్నాను. వెళ్లేటప్పుడు అమ్మ ‘నువ్వు ఇంట్లో ఉన్నావు గానీ మాతో లేవే’ అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. యాప్‌లన్నీ తీసేస్తే మూడో రోజుకే మళ్లీ వేసుకున్నాను. ఊరికే కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపం ఉంటే ఆ మాట మీకు ఇంతగా తగిలేది కాదమ్మా. మీ అమ్మగారు అన్నది కోపంతో కాదు, మీ మీద బెంగతో. ముందు ఆ నేరభావాన్ని కాస్త దించుకోండి.

మూడో రోజుకి ఓడిపోయానని అనుకుంటున్నారు. కానీ తప్పు మీ ఒక్కరిది కాదు. ఫోన్ తెరను ఎంత జరిపినా అయిపోకుండా కొత్తవి వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. దాని వల్ల జరిగిన నష్టానికి తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. అంతకు చాలా ముందే మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే అవి మీటను వదలకుండా పొడుస్తూ ఉంటాయి. ఫోన్‌లో మంచి కబురో వీడియోనో ఎప్పుడు తగులుతుందో మనకూ తెలియదు. అలాంటిదాన్ని పట్టుదల ఒక్కదానితో గెలవమంటే ఎవరికైనా కష్టమే.

అందుకే ‘ఫోన్ మానేయండి’ అని నేను చెప్పను. మన ఇళ్లలో ఇప్పుడు కుడిచేత్తో అన్నం, ఎడమచేత్తో ఫోన్. ఆ ఎడమచేతికి కూడా పని ఉండే సంతోషాలు వెతుక్కోండి. ముంజలు తినడం కాదు, ఒలవడం మీరు చేసి ఉంటే రెండు చేతులూ తడిసేవి, ఫోన్ దానంతటదే దూరంగా ఉండేది. మల్లెలు మాల కట్టడం, చపాతీ పిండి కలపడం, పాపకు తలంటడం, కుండీలో మట్టి గుల్ల చేయడం, అన్నీ అలాంటివే. వాటిలో తొందరపడితే పని చెడుతుంది. దారం బిగిస్తే మల్లెకాడ తెగిపోతుంది కదా! మనం నెమ్మదించకపోతే పనే నెమ్మదింపజేస్తుంది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

రోజుకు ఒక్కటి చాలు, ఇరవై నిమిషాలు. మొదటి వారం విసుగ్గా ఉంటుంది, చెయ్యి ఫోన్ కోసం తడుముకుంటుంది. ఆ విసుగును తట్టుకోండి, పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. ఊరికే కూర్చుంటే తప్పనే భావన కూడా ఇక్కడే కొంత సడలుతుంది. ఎందుకంటే చేతుల్లో పని ఉంటుంది, మనసు మాత్రం తీరిగ్గా ఉంటుంది.

రాత్రి కాల్స్ గురించి మేనేజరుతో మాట్లాడండి. వారంలో రెండు రాత్రులైనా ఖాళీ ఇమ్మని అడగడం తప్పు కాదు. మీవారూ మీరూ ఒకే రాత్రి ఖాళీగా ఉండేలా చూసుకుంటే ఇంకా మేలు, ఆయనతోనూ చెప్పండి.

ఒక్క విషయం జాగ్రత్తగా గమనించండి. ఫోన్ దగ్గర లేనప్పుడు కూడా దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం రెండు వారాలకు మించి ఉంటే అది వేరే సమస్య కావచ్చు. అప్పుడు డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇప్పుడు ఆషాఢం. కోన్ కొనకండి, గోరింటాకు తెచ్చి రుబ్బండి. పాపకు పెట్టి, మీరూ రెండు చేతులకూ పెట్టించుకోండి. అది ఎండి రాలేదాకా ఫోన్ ముట్టుకోలేరు, మీ అమ్మాయి చెప్పే కబుర్లు వినడమే పని. రుబ్బేటప్పుడు చింతపండు ఎంత వేయాలో మాత్రం ముందే అమ్మకు ఫోన్ చేసి అడగండి.