లెక్కలు సరిచూడటానికి నిద్ర మానుకోకండి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ షాపులో చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఏ రైతువి ఎన్ని టిక్కీలో (మిర్చి బస్తాలు) పుస్తకం చూడకుండా చెప్పేదాన్ని. ఏడాదిగా రోజూ చూసే మనిషి పేరు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది, గంట తర్వాత గుర్తొస్తోంది. మొన్న ఒక పట్టీలో (రైతుకి ఇచ్చే అమ్మకం చీటీ) తూకం తప్పు వేశాను. షావుకారు సరిచేశారు. అప్పటి నుంచి పుస్తకాల ఫోటోలు తీసుకొచ్చి, అందరూ పడుకున్నాక మళ్లీ చూసుకుంటున్నాను. నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది, వస్తే చాలా ఎక్కువగా పోతోంది. రాత్రి చెమటలతో మెలకువ వస్తోంది. మా అమ్మకి మతిమరుపు జబ్బు, నా దగ్గరే ఉంటుంది. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు, పండక్కి వచ్చి చూసి వెళ్తాడు. నాకూ అమ్మ జబ్బే మొదలైందా? మావారు, అమ్మాయి జోకులేస్తుంటే నవ్వేసి ఊరుకుంటున్నాను.
ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ రాత్రి లెక్కల సంగతే. దాని గురించి తర్వాత చెప్తాను. ముందు మీ భయానికి జవాబు.

మీరు రాసినదాన్ని బట్టి ఇది మీ అమ్మగారి జబ్బులా అనిపించడం లేదు. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్ల పాటు ఉండే దశని పెరిమెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది కాబట్టి మీ వయసుకి ఇది మామూలే. ఈ దశలో ఈస్ట్రోజెన్ హార్మోను స్థిరంగా ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. జ్ఞాపకం నిలవడానికీ, ధ్యాస నిలవడానికీ మెదడుకి ఆ హార్మోను అవసరం. అందుకే పేర్లు అందవు, చేస్తున్న పని మధ్యలో తెగిపోతుంది. దీన్నే బ్రెయిన్ ఫాగ్ అంటున్నారు. అమెరికాలో 1996లో మొదలైన స్వాన్ అధ్యయనంలో మూడు వేలమందికి పైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించారు. ఈ దశలో కొత్త విషయాలు నేర్చుకోవడం మందగించినా, నెలసరి పూర్తిగా ఆగాక మళ్లీ కోలుకోవడం అందులో కనిపించింది.

మీ అమ్మగారిని రోజూ చూస్తున్నారు కాబట్టి తేడా మీకే తెలుస్తుంది. మీకు పేరు ఆలస్యంగానైనా గుర్తొస్తోంది, తప్పు చూపిస్తే అది తప్పని మీకు తెలుస్తోంది. ఎప్పుడూ వెళ్లే మిర్చి యార్డు దారిలోనే తప్పిపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్కపెట్టడం చేతకాకపోవడం లాంటివి మొదలైతే న్యూరాలజిస్టుకి చూపించుకోవాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు రాత్రి లెక్కల సంగతి. చెమటలు పట్టి మీ నిద్ర అసలే చెడుతోంది. అమ్మగారు లేచినప్పుడల్లా మీరూ లేస్తూ ఉండి ఉంటారు. మిగిలిన ఆ కాస్త నిద్రని కూడా మీరే కోసేసుకుంటున్నారు. పగలు విన్నదాన్ని మెదడు పదిలం చేసుకునేది నిద్రలోనే. అది తగ్గితే మర్నాడు ఇంకో తప్పు జరుగుతుంది, ఆ భయంతో రాత్రి ఇంకో గంట మేలుకుంటారు. దయచేసి ఈ ఒక్కటీ ఇవాళే ఆపేయండి. సరిచూడటం ఏదైనా షాపులోనే జరగాలి. పట్టీ రాశాక పక్కనున్న గుమస్తాతో "నేను చదువుతాను, నువ్వు కాటా చీటీ చూడు" అనండి. పట్టీ రాసేటప్పుడు ఫోన్ దూరంగా పెట్టండి. ఎవరైనా మాట్లాడిస్తే కలం ఆపి, వాళ్లు వెళ్లాక మొదలుపెట్టండి. చాలాసార్లు మనం మరచిపోయామనుకునేది నాలుగు పనుల మధ్య అసలు బుర్రలోకి ఎక్కి ఉండదు. షావుకారుగారితో "ఒంట్లో కొంచెం బాగుండటం లేదు, డాక్టరుకి చూపించుకుంటున్నాను, కొన్నాళ్లు పట్టీలు ఇద్దరం చూసి ఇస్తాం" అంటే చాలు. నెలసరి సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఎక్కువగా పోతోందన్నారు, దాన్ని వదిలేయకండి. రక్తం తగ్గితే నీరసంతో పాటు ధ్యాస కూడా తగ్గుతుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వేసుకునేవాళ్లలో, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఉంటుంది. కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు కూడా మగతగా ఉంచుతాయి. మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరూ చీటీ మీద రాసి తీసుకెళ్లండి, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఈ పరీక్షల్లో ఏ లోపం బయటపడినా దానికి మందు ఉంది.

గైనకాలజిస్టుకి చెమటల గురించీ, నిద్ర గురించీ మీరే చెప్పాలి, సిగ్గుపడొద్దు. ప్రైవేటుకి ఖర్చవుతుందనుకుంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చూపించుకోవచ్చు. "ఈ వయసులో ఇంతేనమ్మా" అని పంపేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. చెమటలు బాగా ఇబ్బంది పెడుతుంటే హార్మోను చికిత్స ఉంది. మతిమరుపు కోసమే దాన్ని ఇవ్వరు గానీ, చెమటలు తగ్గి నిద్ర పడితే చాలామందికి తల తేలికపడుతుంది. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం వచ్చినవాళ్లకీ, రక్తనాళాల్లో గడ్డలు కట్టినవాళ్లకీ సాధారణంగా ఇవ్వరు. కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్కువ పోతోందనగానే "గర్భసంచి తీయించేసుకో, పీడ వదులుతుంది" అనేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువగా కనిపించింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. 15-49 ఏళ్లవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిదిమంది. కొందరికి అది నిజంగా అవసరమే. కానీ అండాశయాలు కూడా తీసేస్తే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, ఇప్పుడున్న చెమటలు, మరపు ఇంకా పెరగవచ్చు. స్కానింగ్ చూసి, మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోను లూపుతోనో తగ్గుతుందేమో అడగండి. రెండో డాక్టరు మాట వినకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోకండి.

రాత్రి భోజనంలో కారం తగ్గించి, సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానేసి రెండు వారాలు చూడండి. కొందరికి వాటివల్లే ఒంట్లో ఆవిర్లు ఎక్కువవుతాయి. ఎండ ఎక్కకముందు అరగంట నడవండి.

ఇంట్లో మీరు నవ్వేస్తున్నారు కాబట్టి మీ బాధ వాళ్లకి తెలియడం లేదు. అందరూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: "నాకు రాత్రి నిద్ర ఉండటం లేదు, పేర్లు గుర్తురావడం లేదు, అమ్మలా అయిపోతానేమోనని భయంగా ఉంది. మీరు జోకులేస్తే ఆ భయం ఇంకా పెరుగుతోంది." డాక్టరు దగ్గరికి మీవారిని కూడా తీసుకెళ్లండి, ఆయన చెవులతో ఆయన వినడం మంచిది. ఏ పని మీదా మనసు లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక మీ తమ్ముడి సంగతి. పండక్కి వచ్చి చూసి వెళ్తే అమ్మగారి బాధ్యత తీరినట్టు కాదని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. మతిమరుపు ఉన్నవాళ్లకి ఇల్లు మారితే కంగారు ఎక్కువవుతుంది కాబట్టి అమ్మగారిని హైదరాబాదు తీసుకెళ్లమని అడగొద్దు. రాత్రిళ్లు ఆవిడ దగ్గర పడుకునే మనిషిని మీరే చూసి పెట్టుకుని, ఆ జీతం ప్రతి నెలా తనని పంపమని అడగండి. మనిషి దొరికేదాకా వారానికి రెండు రాత్రులు మీ అమ్మాయి అమ్మమ్మ గదిలో పడుకుంటుంది, ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో పడుకోండి.