ఇంటర్‌డిసిప్లినరీ రీసెర్చ్ గ్రూపులో చేరాలా? సిరిసిల్లలో పనిచేసిన అనుభవంతో నా జవాబు

ఎం.ఏ. సోషియాలజీ అయిపోయింది, సంస్థల్లో, సమాజంలో వచ్చే మార్పుల మీద పనిచేసే ఒక ఇంటర్‌డిసిప్లినరీ గ్రూపు రీసెర్చ్ అసిస్టెంట్‌గా పిలిచింది, అక్కడ నిజంగా ఏం చేస్తారు, చేరితే కెరీర్ దెబ్బతింటుందా అని అడిగారు.

చేరండి. కాకపోతే ఆ గ్రూపులో వేర్వేరు సబ్జెక్టుల వాళ్లు ఒకే ఫీల్డుకు కలిసి వెళ్తారో లేదో ముందు కనుక్కోండి. ఎకనామిస్టు ఒక చాప్టరు, సోషియాలజిస్టు ఇంకో చాప్టరు ఎవరికి వాళ్లు రాసేసి, చివర్లో అన్నీ కలిపి బైండింగ్ చేయించే గ్రూపులు చాలా ఉన్నాయి. అక్కడ జీతం వస్తుంది గానీ నేర్చుకునేది తక్కువ.

నేను సిరిసిల్ల మరమగ్గాల మీద ఇలాంటి టీములోనే ఫీల్డ్ రీసెర్చర్‌గా పనిచేశాను. ఒక ఎకనామిస్టు, ఒక టెక్స్‌టైల్ ఇంజనీరు, ఒక సోషియాలజిస్టు, మేం ఇద్దరం జూనియర్లం. ఆర్డర్లు చేతినిండా ఉన్నప్పుడు కూడా సాంచాలు ఎందుకు ఆగుతున్నాయి అన్నది మా ప్రశ్న. (అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు.) యజమాని నూలు ఇస్తాడు, సొంత సాంచాలున్న ఆసామి కూలికి బట్ట నేయించి ఇస్తాడు, కార్మికుడికి మీటరు లెక్కన డబ్బు. మగ్గం ఆగితే ఆ గంట కూలి పోయినట్టే.

మగ్గాలు పాతవి, పార్టులు అరిగిపోయాయి అని ఇంజనీరు గారు మొదట్లోనే తేల్చేశారు. రేట్లు గిట్టుబాటు కాక ఆసాములే నెమ్మదిగా నడిపిస్తున్నారని ఎకనామిస్టు వాదన. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. సోషియాలజిస్టు మేడమ్ మాత్రం ఒకే షెడ్డులో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని, ఆగిన ప్రతి సాంచ పక్కన 'ఎవరి కోసం ఆగింది?' అని రాసుకోమన్నారు.

అలా రాస్తుంటే అసలు సంగతి బయటపడింది. ఒక బీములో (పడుగు నూలు చుట్టిన పెద్ద రోలు) నూలు అయిపోతే కొత్త బీము ఎక్కించి, పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకాలి. ఆ పని చేసేవాళ్లు మేం తిరిగిన వాడలో కొద్దిమందే. వాళ్లే చాలా షెడ్లకు వెళ్లాలి. ముందు ఎవరి షెడ్డుకు వెళ్తారన్నది చుట్టరికాన్ని బట్టి, చేబదులును బట్టి, పెద్ద యజమాని కబురును బట్టి తేలేది. చిన్న ఆసామి సాంచ పూట పూటంతా ఎదురుచూసేది. కండెలు (అడ్డంగా నేసే నూలు చుట్టిన చిన్న గొట్టాలు) ఇళ్లలో ఆడవాళ్లు చుట్టి పంపుతారు. ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే ఆ మధ్యాహ్నం మగ్గానికి కండె అందదు. మా సర్వే ఫారంలో 'కార్మికులు' అన్న కాలమ్‌లో వీళ్లెవరూ లేరు. ఎకనామిస్టు గారు ఫారం మార్చారు. ఇంజనీరు గారు ఆగిన సమయాన్ని రిపేరు వేరు, ఎదురుచూపు వేరు అని విడగొట్టి లెక్క కట్టారు. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది అక్కడే. ముగ్గురిలో ఏ ఒక్కరూ విడిగా దాన్ని పట్టుకోగలిగేవారు కాదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌ను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, ఇతర సామాజిక శాస్త్రవేత్తలు కలిసి మొదలుపెట్టారు. 1951లో అక్కడి ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ ఇంగ్లండు బొగ్గుగనుల మీద పేపరు రాశారు. బామ్‌ఫోర్త్ అంతకుముందు స్వయంగా గనికార్మికుడు. లాంగ్‌వాల్ పద్ధతి (పొడవాటి బొగ్గు గోడను ఒకే వరసగా తవ్వడం) వచ్చాక, చిన్న గుంపులు మొత్తంగా చేసుకునే పని షిఫ్టులవారీగా ముక్కలైపోయిందనీ, ఒక షిఫ్టు తప్పు తర్వాతి షిఫ్టు మీద పడేదనీ చూపించారు. సింగరేణి వైపు వాళ్లకు ఇది చదివితే వెంటనే అర్థమవుతుంది.

మాకు ఇంకా దగ్గరిది అహ్మదాబాద్ కథ. ఆటోమేటిక్ మగ్గాలు తెచ్చినా కాలికో మిల్లులో ఉత్పత్తి అనుకున్నట్టు పెరగలేదు. 1953లో అదే ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ వచ్చి, పనిని వేర్వేరు చేతులకు పంచే బదులు కొన్ని మగ్గాల బాధ్యత మొత్తం ఒక చిన్న గుంపుకు ఇవ్వొచ్చని సూచించాడు. కార్మికులు, సూపర్‌వైజర్లు దాన్ని అందిపుచ్చుకుని గుంపులు తామే ఏర్పాటు చేసుకున్నారు. ఉత్పత్తి పెరిగింది. అయితే 1970లో అదే ఇన్‌స్టిట్యూట్ మనిషి ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూస్తే మామూలు మగ్గాలున్న ఒక షెడ్డులో గుంపు పద్ధతి చాలావరకు నిలిచింది, ఆటోమేటిక్ షెడ్లలో జారిపోయింది. అన్నేళ్ల తర్వాత తిరిగి వెళ్లి చూడటం, చూసింది ఉన్నదున్నట్టు రాయడం నాకు మొదటి విజయం కన్నా గొప్పగా అనిపిస్తుంది. మీ గ్రూపు పాత ఫీల్డుకు మళ్లీ వెళ్తుందేమో కూడా అడగండి.

ఇక కెరీర్ సంగతి. ఈ టెన్షన్ నిజమే. కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హత ఇచ్చే నెట్ పరీక్ష సబ్జెక్టులవారీగానే ఉంటుంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులూ ఎక్కువగా అంతే. అందుకే పీహెచ్‌డీ సోషియాలజీలోనే రిజిస్టరు చేసుకోండి, నెట్ కూడా అందులోనే రాయండి, ప్రాజెక్టు మాత్రం నలుగురితో కలిసి చేయండి. కొంచెం స్టాటిస్టిక్స్ నేర్చుకుంటే ఎకనామిస్టులతో మాట్లాడటం తేలికవుతుంది. ఆఫర్ ఒప్పుకునే ముందు ఒకసారి హైదరాబాద్ బేగంపేటలోని సెస్‌కు (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) వెళ్లి రండి. 1980లో పెట్టిన సంస్థ అది. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీపీఆర్ కూడా ఉంది. ప్రొఫెసర్లను కాదు, అక్కడ ఫీల్డుకు తిరిగే అసిస్టెంట్లను పట్టుకుని టీ తాగుతూ మాట్లాడండి. పేపర్ల మీద జూనియర్ల పేర్లు వస్తాయా, ఫీల్డు నోట్సు చివరికి ఎవరి దగ్గర ఉంటాయి అన్న రెండు ప్రశ్నలూ తప్పకుండా అడగండి.