చిన్న చాకు కొన్నావుగా, ఈ నాలుగు సంగతులు చదువు

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన చాకు ఫోటో చూశాను. నాలుగు అంగుళాల లోపు బ్లేడు, మడత లేదు, ప్లాస్టిక్ ఒర, చేతికి జారని పిడి. మంచిదే కొన్నావు. "కొన్నా గానీ మామయ్యా, దీంతో ఏం చేయాలో తెలీట్లేదు, వంటింట్లో కత్తులు ఉన్నాయి కదా" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం అక్కడే మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా. హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ రూమ్‌లో, అంటే అచ్చులూ పనిముట్లూ తయారుచేసే చోట, 29 ఏళ్లు ఇనుముతోనే గడిపినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ముందు దాన్ని వంటింటి డ్రాయర్‌లో పడేయకు. అక్కడ గరిటెలు, చెంచాలు తగిలి వారంలో అంచు పోతుంది, పైగా చూడకుండా చెయ్యి పెట్టినవాళ్ల వేలు తెగుతుంది. ఒరలో పెట్టి, గుమ్మం దగ్గర నీ చేతికి అందేలా, పిల్లాడికి అందకుండా ఒక మేకుకి తగిలించు. పని అయ్యాక మళ్లీ అక్కడికే రావాలి. మా ఇంట్లో నా చాకు 15 ఏళ్లుగా ఒకే మేకుకి ఉంది, కరెంటు పోయినా చీకట్లో తీయగలను.

ఇక పనులంటావా, ఒకసారి అలవాటైతే రోజుకి పదిసార్లు తీస్తావు. పార్శిల్ వస్తే టేపు కొయ్యడానికి మొన మొత్తం దించకు, పావు అంగుళం చాలు, లేకపోతే లోపలి చీర కూడా తెగుతుంది. మీ అత్తకి అలాగే జరిగింది. బియ్యం బస్తా మూతి కుట్టు ఉంటుంది చూడు, దాన్ని అడ్డంగా కోసేస్తే దారప్పోగులన్నీ బియ్యంలో పడతాయి. ఒక చివర ముడి దగ్గర మాత్రం తెంపి దారం లాగు, కుట్టంతా జర్రున ఊడొస్తుంది. రాకపోతే రెండో చివర నుంచి చూడు, ఒక వైపు నుంచి తప్పకుండా వస్తుంది. డాబా మీద నీ కుండీలకి డ్రిప్పు పైపు ముక్కలు కొయ్యడం, టమాటా మొక్కకి పురికొస కట్టి మిగిలింది తెంపడం, కరివేపాకు కొమ్మ కొంచెం ఏటవాలుగా కొయ్యడం, ఇవన్నీ కత్తెర కన్నా దీంతో శుభ్రంగా అవుతాయి. కత్తెర కొమ్మని నలుపుతుంది, పదునైన చాకు నలపదు, నలగని చోట మొక్క త్వరగా మానుతుంది.

బతుకమ్మ వస్తోంది కదా, అసలు నాకు ఈ చాకు మీద ప్రేమ అక్కడ మొదలైంది. గునుగు పువ్వు కాడలు ఒకే కొలతకి లేకపోతే వరస కూర్చోదు, పైకి పోయేకొద్దీ ఒరుగుతుంది. మా అమ్మ కట్ట కట్టి నా ముందు పెట్టేది, నేను పీట మీద ఒకే వేటుకి కాడలు సమంగా కోసేవాణ్ణి. మొద్దు కత్తితో చేస్తే కాడ నలిగిపోతుంది. వినాయక చవితికి పాలవెల్లి కట్టేటప్పుడు, అరటి పిలకలు గుమ్మానికి కట్టేటప్పుడు, మామిడి తోరణానికి పురి తెంపేటప్పుడు కూడా అదే చాకు. ఎండాకాలం తాటిముంజలు తెస్తే కాయ కొట్టడం అమ్మేవాడి పని, తెచ్చాక తొక్క గీసేది మాత్రం ఇదే. సీతాఫలానికి చాకు అక్కర్లేదు, వేళ్లే చాలు. ఆవకాయ ముక్కలు దీంతో కొయ్యొద్దు, టెంక ఉన్న కాయకి పీట మీద బిగించిన పెద్ద కత్తే ఉండాలి.

మడత చాకు కాకుండా ఇది ఎందుకు మంచిదో కూడా చెప్తా. మడత దాంట్లో కీలు ఉంటుంది, మామిడి రసం, మట్టి, జిగురు అందులోకి పోయి కూర్చుంటాయి, కడగడం కష్టం, లాక్ వదులైతే వేళ్ల మీదకి మూసుకుంటుంది. నీదాంట్లో కదిలే భాగమే లేదు. స్వీడన్‌లో మోరా అనే ఊళ్లో 1891 నుంచి ఇలాంటి పనిచాకులే చేస్తున్నారు, అక్కడ వడ్రంగులు, రైతులు దాన్ని పనిముట్టుగానే చూస్తారు. నువ్వూ అలాగే చూడు.

పనిముట్టు అన్నాను కాబట్టి ఇది కూడా. రాత్రి షిఫ్టుకి వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకుంటానన్నావు. వద్దు బిడ్డా. భయం వేసినప్పుడు చాకు తీస్తే అది ఎదుటివాడి చేతిలోకి పోవడానికి క్షణం పట్టదు. ఫోన్‌లో 100 గానీ 112 గానీ ఒక్క నొక్కుకి వచ్చేలా పెట్టుకో. చట్టం సంగతి కూడా తెలుసుకో, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు, ఇంటి పనికీ పొలం పనికీ చేసినవి కాకపోతే, ఆయుధాల లెక్కలోకి వస్తాయి. నీది అంతకన్నా చాలా చిన్నది. అయినా నిమజ్జనం అప్పుడు, ఎన్నికలప్పుడు సిటీలో పోలీసులు ఆంక్షలు పెడుతుంటారు, మెట్రో స్టేషన్‌లో బ్యాగు స్కానింగ్‌లో చూసి ఆపితే అనవసరమైన టెన్షన్. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్తే చేతి బ్యాగులో అసలు ఉండకూడదు, చెక్-ఇన్ సామానులో వెయ్యాలి. ఇంట్లో ఉంచు, డాబా మీద వాడు, ఊరికి పోయినప్పుడు సామాను అడుగున పెట్టుకో, అంతే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, పదును. పదునైన చాకు చెయ్యి కోస్తుందని అందరూ భయపడతారు, నిజానికి ఎక్కువగా కోసేది మొద్దు చాకే. మూసాపేటలో ఉన్నప్పుడు కొత్త కూలర్ అట్టపెట్టెకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ తెంపుతున్నా, అంచు మొద్దుబారి ఉంది, తెగట్లేదని బలం పెట్టాను, పట్టీ ఒక్కసారిగా వదిలింది, చాకు జారి ఎడమ అరచేతిలో బొటనవేలి కింద దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ చలికాలం అక్కడ లాగుతుంది. బలం పెట్టాల్సి వచ్చిందంటే ఆపేసి పదును పెట్టుకోవాలి, ఆ రోజు నేను ఆ పని చెయ్యలేదు.

వీధిలో సైకిల్ మీద సాన చక్రంతో వచ్చేవాళ్లకి కత్తిపీట, కత్తెర ఇవ్వు, ఈ చాకు ఇవ్వొద్దు. వాళ్ల పనితనానికి వంక పెట్టడం లేదు. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద సన్నటి అంచు క్షణంలో వేడెక్కుతుంది, నీలం రంగు తిరిగిందంటే టెంపర్, అంటే ఉక్కుకి కాల్చి తెచ్చిన గట్టిదనం, పోయినట్టే, తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. టూల్ రూమ్‌లో కొత్త కుర్రాళ్లకి మేం మొదట చూపించేది ఆ నీలం రంగే.

సికింద్రాబాద్‌లో రాణిగంజ్ బజారుకి వెళ్లి వెయ్యి నంబరు సానరాయి ఒకటి తెచ్చుకో. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టు. వాలు 20 డిగ్రీలు ఉండాలి. కొలిచే సాధనం అక్కర్లేదు, చాకు రాయి మీద నిటారుగా నిలబెట్టు, అందులో సగం వంచు, మళ్లీ సగం వంచు, దాదాపు అక్కడికే వస్తావు. ఆ వాలు మారకుండా మడమ నుంచి, అంటే పిడి దగ్గరి అంచు నుంచి, మొన దాకా లాగు, ఒక పక్క కాసేపు చేశాక రెండో పక్కన సన్నటి గరుకు తగులుతుంది, దాన్ని మేం బర్ అంటాం, అది పొడవునా వచ్చాకే పక్క మార్చాలి. తొందరపడి పది సార్లు ఇటు, పది సార్లు అటు తిప్పితే ఏమీ జరగదు. చివర్లో మీ ఆయన పాత తోలు బెల్టు ఉంటే దాని మీద వెనక్కి లాగు, అంచు ముందుకు తోయొద్దు, తోలు కోసుకుపోతుంది. వేలితో పరీక్ష చెయ్యకు, పేపరు పట్టుకుని కొయ్యి, చిరక్కుండా తెగితే చాలు. రాయి లేని రోజు పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు వలయం మీద నాలుగు సార్లు అటూ ఇటూ గీసినా పని గడుస్తుంది.

స్టీలే కదా తుప్పు పట్టదనుకోకు. చింతపండు, నిమ్మకాయ కోశాక కడిగి తుడవకుండా ఒరలో దూరిస్తే వానాకాలంలో చుక్కలు పడతాయి. తుడిచి, గాలికి ఉంచి, అప్పుడు ఒరలో పెట్టు. ఒర లోపల కూడా నెలకోసారి కడుగు.

దీంతో డబ్బా మూతలు లేపొద్దు, స్క్రూలు తిప్పొద్దు, కొబ్బరికాయ కొట్టొద్దు, మొన విరిగిందంటే తిరిగి రాదు. చేయి జారి కింద పడుతుంటే పట్టుకోబోకు, కాలు వెనక్కి తీసి పడనివ్వు. ఇంకొకరికి ఇవ్వాలంటే చేతికి ఇవ్వకుండా కింద పెట్టు, వాళ్లే తీసుకుంటారు. అమ్మమ్మ గొడవలొస్తాయని చెప్పేది, నేను మాత్రం వేళ్ల కోసం చెప్తున్నా. ఎప్పుడైనా తెగితే కాఫీ పొడి, పసుపు అద్దకు, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టు, లోతుగా ఉంటే ఆస్పత్రికి వెళ్లు, ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ సంగతి అడుగు.

ఎంగిలిపూల బతుకమ్మకి ముందు ఆదివారం రా. గునుగు, తంగేడు నేను తెప్పిస్తా. నీ చాకు గుడ్డలో చుట్టి బండి డిక్కీలో పెట్టుకుని తీసుకురా, నా రాయి మీద నీ చేతే పెట్టించి నేర్పిస్తా.

మీ మామయ్య